బ్యాకప్ ఉందనుకోవడం చాలదు, ఒక్కసారి తెరిపించి చూడండి: విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల డాక్టర్లకు బహిరంగ లేఖ

విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో నర్సింగ్ హోమ్‌లు, ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు నడుపుతున్న డాక్టర్లందరికీ నమస్కారం.

మీ కంప్యూటర్లు, కేబుళ్లు, వైఫై, బిల్లింగ్ సర్వర్ చూసుకునే వాళ్లలో నేనొకణ్ని. మీ దగ్గర ఒక ఆదివారం అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఓపీ లేని పూట చూసుకుని, మీ బ్యాకప్‌లోంచి ఒక పేషెంటు రికార్డును వేరే కంప్యూటర్ మీద తెరిపించండి. సర్వర్ కాలిపోయిందనుకుని, దాన్ని ముట్టుకోకుండా తెరిపించాలి. ఆ పేషెంటు పేరు, ల్యాబ్ రిపోర్టులు, కట్టిన బిల్లులు, ఎక్స్‌రే బొమ్మలు అన్నీ మీ ఎదురుగా తెర మీదికి రావాలి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. అన్నీ వచ్చాయా, మీకు బ్యాకప్ ఉన్నట్టే. రాలేదంటే ఇన్నాళ్లూ లేనట్టే.

ఈ మాట విడివిడిగా చెప్పి చూశాను. ఓపీ మధ్యలో చెబితే మీకు తీరిక ఉండదు, అది మీ తప్పు కాదు. మేనేజర్‌కి చెబితే "సాఫ్ట్‌వేర్ వాళ్లు చూసుకుంటారండీ" అంటారు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోన్ చేస్తే "డేటా బాధ్యత కస్టమర్‌దేనండీ, అగ్రిమెంటులో రాసుంది" అంటారు. మధ్యలో పేషెంటు రికార్డుకు దిక్కెవరో తెలియదు. అందుకే అందరికీ కలిపి బహిరంగంగానే రాస్తున్నాను.

పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో దీనికోసం జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. వాళ్ల గురించి నేనిక్కడ మాట్లాడటం లేదు. పాతిక, ముప్పై పడకలతో, మెట్ల కింద ఒక సర్వర్‌తో, ఇరవై మంది స్టాఫ్‌తో నడిచే ఆసుపత్రులే నా బెంగ. పల్నాడు నుంచి, దివిసీమ నుంచి, తిరువూరు నుంచి బస్సెక్కి వచ్చే పేషెంట్లలో చాలామంది వచ్చేది మీ దగ్గరికే. కిడ్నీ పేషెంటుకి మూడేళ్లుగా క్రియాటినిన్ ఎలా పెరుగుతూ వచ్చిందన్నది ఆయన ఇంట్లో ఏ కాగితం మీదా ఉండదు, మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. అది పోతే మళ్లీ పరీక్ష చేయించి ఇవాళ్టి అంకె తెలుసుకోగలం గానీ గడిచిన మూడేళ్ల అంకెలు తేలేం.

"మాకు బ్యాకప్ ఉంది" అని నాకు చెప్పిన చోట్ల తెరిచి చూస్తే ఏం కనిపిస్తుందో చెబుతాను. ఒకచోట సీ డ్రైవ్‌లో ఉన్నదాన్ని డీ డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నారు. రెండూ ఒకే హార్డ్‌డిస్క్. డిస్క్ పోయిన రోజు రెండూ కలిసే పోతాయి. ఇంకోచోట ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొన్నారు, కానీ కొన్న రోజు సర్వర్‌కి తగిలించింది మళ్లీ తీయలేదు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే ప్రోగ్రాం) వచ్చిందంటే సర్వర్‌కి ఏ డ్రైవ్‌లు కనిపిస్తే వాటన్నిటినీ లాక్ చేస్తుంది, తగిలించి ఉన్న బ్యాకప్ డిస్క్‌ని కూడా వదలదు. విండోస్ తనంతట తాను దాచుకునే పాత కాపీలను ముందే చెరిపేసే రకాలూ చాలానే ఉన్నాయి. మరోచోట రెండు డిస్కులు పెట్టి ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉండేలా చేశారు. ఒక డిస్క్ చెడిపోతే పని ఆగకుండా ఉండటానికి అది మంచిదే. కానీ ఎవరైనా పొరపాటున డేటాలోని ఒక టేబుల్ (రికార్డుల పట్టిక) డిలీట్ చేస్తే అది రెండు డిస్కుల్లోనూ అదే క్షణం మాయమవుతుంది. గూగుల్ డ్రైవ్‌లోకో వన్‌డ్రైవ్‌లోకో సింక్ చేసినా ఇదే చిక్కు. లాక్ అయిన ఫైల్ పైకి వెళ్లి మంచి ఫైల్ మీద కూర్చుంటుంది. పాత వెర్షన్లు కొన్నాళ్లు నిలిపే సదుపాయం ఉంటేనే తిరిగి దొరుకుతుంది, అది ఎన్నాళ్లన్నది మీరు ముందే చూసుకుని ఉండాలి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇంకొకటుంది. సాఫ్ట్‌వేర్ నడుస్తుండగానే డేటాబేస్ ఫోల్డర్‌ని ఎత్తి పెన్‌డ్రైవ్‌లో పడేయడం. ఆ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయినా ఎస్‌క్యూఎల్ సర్వర్ అయినా రిసెప్షన్‌లో బిల్లు కొడుతున్నప్పుడు ఫైళ్లు మారుతూనే ఉంటాయి. కాపీ మొదలైనప్పుడు ఉన్న సగం, ముగిసినప్పుడు ఉన్న సగం కలిసి ఒకదానికొకటి పొంతన లేని ఫైల్ తయారవుతుంది. సైజు సరిగ్గానే కనిపిస్తుంది, తేదీ కూడా నిన్నటిదే ఉంటుంది, తెరవబోతే మాత్రం తెరుచుకోకపోవచ్చు. డేటాబేస్‌కి దాని సొంత బ్యాకప్ కమాండ్ ఉంటుంది, తీస్తే దానితోనే తీయాలి, అలా తీసినదాన్నే డంప్ అంటారు. మీ సాఫ్ట్‌వేర్ వాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడగండి: "మీరు డంప్ తీస్తున్నారా, ఫోల్డర్ కాపీ చేస్తున్నారా?" సూటిగా జవాబు రాకపోతే అనుమానించండి.

మీరు ఆటోక్లేవ్ స్విచ్ వేశారు కాబట్టి పరికరాలు స్టెరైల్ అయిపోయాయని నమ్మరు. ప్యాకెట్ మీద ఇండికేటర్ టేపు రంగు మారిందా అని చూసి గానీ థియేటర్‌లోకి తీసుకెళ్లనివ్వరు. బ్యాకప్‌కి ఆ టేపు రీస్టోరే, అంటే బ్యాకప్‌లోంచి తిరిగి తెరిపించి చూడటమే.

ఇది చిన్న చోట్ల మాత్రమే జరిగే పొరపాటు కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పేరున్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజనీరు రాత్రిపూట అలసటలో ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాను తుడిచేశాడు. 300 గిగాబైట్ల దాకా పోయింది. బ్యాకప్‌కి ఐదు దారులు పెట్టుకున్నారు, తీరా చూస్తే ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. రోజూ తీయాల్సిన డంప్ ఎప్పటినుంచో ఫెయిల్ అవుతోంది, ఫెయిల్ అయిందని చెప్పాల్సిన ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరడం లేదు. అంతకు ఆరు గంటల ముందు ఎవరో వేరే పనికోసం తీసిన కాపీ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం తిరిగి రాలేదు. వాళ్లు ఇదంతా దాచకుండా బయటపెట్టారు కాబట్టి మనకు తెలిసింది. కంప్యూటర్లే వృత్తిగా ఉన్నవాళ్ల పరిస్థితే అది.

అదే ఏడాది జూన్‌లో నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాం) ప్రపంచంలో అతిపెద్ద షిప్పింగ్ కంపెనీల్లో ఒకటైన మేర్స్క్‌ని పడగొట్టింది. నెట్‌వర్క్ మొత్తానికీ ఆయువుపట్టు లాంటి డొమైన్ కంట్రోలర్లు (ఎవరు లాగిన్ కావచ్చో తేల్చే సర్వర్లు) అన్ని దేశాల్లోనూ తుడిచిపెట్టుకుపోయాయి. ఘానాలో ఒక్కటి మిగిలింది. ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి అది నెట్‌వర్క్‌లో లేదు, అందుకే బతికింది. దాన్ని పట్టుకునే వాళ్లు తిరిగి లేచారు. అలా నెట్‌వర్క్‌కి అందకుండా ఉండే కాపీ మీ దగ్గర కరెంటు పోవడం వల్ల కాకుండా మీరు కావాలని పెట్టుకున్నది అయి ఉండాలి. వారం వారం తగిలించి, కాపీ అవగానే తీసేసి, బీరువాలో పెట్టే డిస్క్ చాలు.

ఆ బీరువా ఎక్కడుందన్నది కూడా ముఖ్యమే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిపోయిన సంగతి మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, అదొక రికార్డు. సింగ్ నగర్ వైపు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న క్లినిక్కుల్లో, ల్యాబుల్లో సర్వర్, దాని పక్క డ్రాయర్‌లోని బ్యాకప్ డిస్క్ ఒకే నీళ్లలో నానాయి. నీళ్లు తీశాక చాలామంది చేసిన పని ఆ డిస్కుల్ని ఎండలో ఆరబెట్టి, కంప్యూటర్‌కి తగిలించి చూడటం. దయచేసి అలా ఎప్పుడూ చేయకండి. తడిసిన డిస్క్‌లో బురద ఉంటుంది, తిప్పారంటే లోపలి ప్లేటు గీతలు పడి మిగిలింది కూడా పోతుంది. ఆన్ చేయకుండా, డ్రయ్యర్ పెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు డేటా రికవరీ ల్యాబుకి పంపాలి.

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ వల్ల ప్రచారంలోకి వచ్చిన 3-2-1 అనే లెక్క ఒకటుంది. మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట. మీ విషయంలో మొదటిది సర్వర్‌లో ఉన్నది. రెండోది బీరువాలో డిస్క్. మూడోదాని గురించి నాకొక ఆలోచన ఉంది, చివర్లో చెబుతాను.

పనిముట్ల విషయానికి వస్తే, వీటిలో చాలావాటికి డబ్బు కట్టక్కర్లేదు. తైవాన్ వాళ్లు తయారుచేసి ఉచితంగా ఇస్తున్న క్లోన్‌జిల్లాతో కంప్యూటర్ డిస్క్ మొత్తాన్ని, విండోస్‌తో సహా, ఒక ఇమేజ్‌గా (అచ్చు నకలుగా) తీసి దాచుకోవచ్చు. ఇది ముఖ్యంగా మీ ల్యాబ్ ఎనలైజర్ పక్కన ఉండే కంప్యూటర్‌కి చేయించండి. ఆ సాఫ్ట్‌వేర్ సీడీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు, లైసెన్స్ డాంగిల్ (తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న పరికరం) ఒకటుంటుంది, వేసిచ్చే ఇంజనీరు హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో రావాలి. ఆ కంప్యూటర్ డిస్క్ పోతే ల్యాబ్ రోజుల తరబడి ఆగుతుంది. ఇమేజ్ ఉంటే అదే సైజుదో అంతకంటే పెద్దదో కొత్త డిస్క్ కొని ఆ పూటే నిలబెట్టొచ్చు. రోజువారీ డేటాకి రెస్టిక్, బోర్గ్ లాంటివి ఉన్నాయి. మారిన భాగాన్నే దాచుకుంటాయి కాబట్టి చోటు తక్కువ పడుతుంది, ఎన్‌క్రిప్ట్ చేసి (పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలోకి మార్చి) దాచగలవు కాబట్టి డిస్క్ ఎవరికి దొరికినా చదవలేరు. ఒక్క జాగ్రత్త ఉంది. ఆ పాస్‌వర్డ్ పోగొట్టుకుంటే మీరు కూడా చదవలేరు. కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, మీ ఇంటి పత్రాల దగ్గర ఉంచుకోండి. ఆ కవరు మేనేజర్ దగ్గరా వద్దు, నాలాంటి వాళ్ల దగ్గరా వద్దు.

ఇక ఆడిట్. జీఎస్టీ ఆడిట్ అంటే మీకు తెలుసు. నెట్‌వర్క్ ఆడిట్ కూడా అంతే, ఉన్నదాన్ని ఉన్నట్టు లెక్క రాయడంతో మొదలవుతుంది. "మీ ఆసుపత్రి నెట్‌వర్క్ మీద ఎన్ని పరికరాలున్నాయి?" అని అడిగితే కంప్యూటర్లు లెక్కపెట్టి చెబుతారు. సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె (డీవీఆర్), ప్రింటర్లు, వేలిముద్రల హాజరు మెషిన్, టీవీ, స్కానింగ్ మెషిన్, ఎప్పుడో ఎవరో తెచ్చి తగిలించిన రెండో వైఫై రౌటర్ ఆ లెక్కలో ఉండవు. గోర్డన్ లయన్ 1997లో విడుదల చేసిన ఎన్‌మ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది నెట్‌వర్క్‌లోని ప్రతి అడ్రసునూ పలకరించి ఎవరున్నారో, ఏ పోర్టులు (నెట్‌వర్క్ వైపు ఉండే నంబర్ల తలుపులు) తెరిచి ఉన్నాయో, వెనక ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ నడుస్తోందో చెబుతుంది. చిన్న ఆసుపత్రిలో ఎవరెవరున్నారో తేల్చడానికి కొన్ని నిమిషాలు చాలు.

ఆ జాబితాలో నేను ముందు చూసేవి ఇవి. 3389 నంబరు పోర్టు తెరిచి ఉందంటే ఆ కంప్యూటర్‌ని దూరం నుంచి నడపొచ్చు. అది బయటి ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంటే పాస్‌వర్డ్‌లు ప్రయత్నించే వాళ్లు రాత్రీ పగలూ తలుపు తడుతూనే ఉంటారు. 445 అంటే ఫైల్ షేరింగ్. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది ఆ పోర్టులోని లోపం గుండానే. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన రాష్ట్రంలోనూ కృష్ణా, గుంటూరు సహా కొన్ని జిల్లాల్లో పోలీసుల కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి మైక్రోసాఫ్ట్ విరుగుడు అప్‌డేట్ ఇచ్చింది అదే ఏడాది మార్చిలో, అంటే రెండు నెలల ముందే. వేసుకోని వాళ్లకే దెబ్బ తగిలింది. డేటాబేస్ పోర్టులైన 3306 (మైఎస్‌క్యూఎల్) గానీ 1433 (ఎస్‌క్యూఎల్ సర్వర్) గానీ వెయిటింగ్ హాల్ వైఫై నుంచి కనిపిస్తుంటే, పేషెంటు కొడుకు ఫోన్‌లోంచి మీ డేటాబేస్ దాకా దారి ఉన్నట్టే. ఇది చూసినప్పుడల్లా నాకు గుండె జారుతుంది.

బయటి నుంచి కూడా ఒకసారి చూడాలి. ఆసుపత్రి వైఫై నుంచి కాకుండా మొబైల్ డేటా మీద నుంచి మీ ఇంటర్నెట్ అడ్రసును స్కాన్ చేస్తే, బయటి ప్రపంచానికి మీరెలా కనిపిస్తున్నారో తెలుస్తుంది. చాలాచోట్ల తెరుచుకుని ఉండేది డీవీఆర్. డాక్టర్ గారు ఇంట్లోంచి ఫోన్‌లో కెమెరాలు చూసుకోవాలని అడుగుతారు, కెమెరా అబ్బాయి రౌటర్‌లో ఒక పోర్టు తెరిచి వెళ్లిపోతాడు, పాస్‌వర్డ్ కంపెనీ నుంచి వచ్చిందే ఉంటుంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ సరిగ్గా ఇలాంటి డీవీఆర్‌లను, కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టుకుంది. దానికి పెద్ద తెలివి కూడా అవసరం పడలేదు, అందరూ మార్చకుండా వదిలేసే అరవై చిల్లర యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు సరిపోయాయి.

ఎన్‌మ్యాప్ తర్వాత గ్రీన్‌బోన్ వాళ్ల ఓపెన్‌వాస్ నడిపితే తెలిసిన లోపాల పట్టిక వస్తుంది. గంటలు పడుతుంది, అందులో సగం మీకు సంబంధం లేనివి కూడా ఉంటాయి, కాబట్టి ఎర్ర రంగులు చూసి భయపెట్టే వాళ్లను నమ్మకండి, ఒక్కొక్కటీ విడమర్చి చెప్పమనండి. సర్వర్ లైనక్స్ అయితే దాని భద్రతను పరీక్షించే లినిస్ ఉంది. వైర్‌షార్క్ అయితే కేబుల్‌లో వెళ్తున్నదాన్ని విప్పి చూపిస్తుంది. స్కానింగ్ మెషిన్ నుంచి బొమ్మలు వెళ్లే డైకామ్ పద్ధతిలో ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే తప్ప ఎన్‌క్రిప్షన్ ఉండదు కాబట్టి పేషెంటు పేరు, వయసు కూడా అందులో చదవగలిగేలా కనిపిస్తాయి. మీ అనుమతి ఉన్న మనిషి తప్ప వేరెవరూ దీన్ని మీ నెట్‌వర్క్‌లో నడపకూడదు.

అనుమతి అంటే నోటిమాట కాదు. ఎవరు, ఏ తేదీన, ఏ పరికరాలను పరీక్షిస్తారో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. అనుమతి లేకుండా, మోసపు ఉద్దేశంతో ఇంకొకరి కంప్యూటర్‌లోకి చొరబడితే 2000 నాటి ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు ఉంటుంది. ఆ కాగితం మీకూ రక్ష, పరీక్షించే వాడికీ రక్ష. పేషెంట్లకు తగిలించి ఉన్న మానిటర్లు, వెంటిలేటర్లు, నడుస్తున్న ఎనలైజర్లను ఎట్టి పరిస్థితుల్లోనూ స్కాన్ చేయనివ్వకండి. పాత మెషిన్లు కొన్ని స్కాన్ తాకిడికే హ్యాంగ్ అవుతాయి. వాటి విషయం మెషిన్ ఖాళీగా ఉన్నప్పుడు, కంపెనీ ఇంజనీరుకి చెప్పి మాత్రమే చూడాలి.

ఎక్స్‌రే కంప్యూటర్‌లో ఇంకా విండోస్ 7 ఉందని తేలుతుంది. దానికి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. విండోస్ 10కి కూడా మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మార్చమంటే మెషిన్ కంపెనీ లక్షలు అడుగుతుంది, మీ ఇబ్బంది నాకు తెలుసు. మార్చలేకపోతే విడదీయండి. మేనేజ్డ్ స్విచ్ కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది. ఎక్స్‌రే, ల్యాబ్ మెషిన్లు ఒక వైపు, బిల్లింగ్, ఫార్మసీ ఒక వైపు, కెమెరాలు ఒక వైపు, పేషెంట్ల వైఫై పూర్తిగా వేరుగా ఉండేలా వీల్యాన్‌లు (ఒకే స్విచ్ మీద విడివిడి నెట్‌వర్క్‌లు) పెట్టించండి. ఒకదాంట్లో నిప్పంటుకుంటే రెండోదాంట్లోకి పాకకూడదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది గుర్తుందా? ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటా లాక్ అయింది. ఓపీ, అడ్మిషన్లు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ చేతిరాతతో నడిచాయి. కారణం నెట్‌వర్క్‌ని సరిగ్గా విడదీయకపోవడమేనని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది.

ఒకవేళ ఓ ఉదయం రిసెప్షన్ కంప్యూటర్ తెర మీద డబ్బు అడిగే నోట్ కనిపిస్తే? ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి. ఫార్మాట్ కొట్టే అబ్బాయిని పిలవకండి. ఫార్మాట్ కొడితే ఆధారం పోతుంది, రేపెప్పుడైనా తాళం చెవి దొరికే అవకాశమూ పోతుంది. ఆ డిస్క్‌ని పక్కన దాచి, కొత్త డిస్క్ మీద పని మొదలుపెట్టండి. యూరప్ పోలీసులు, సెక్యూరిటీ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైట్‌లో కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కు తాళం చెవులు ఉచితంగా దొరుకుతాయి, మీది అందులో ఉందేమో చూడాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటన తెలిసిన ఆరు గంటల్లోగా సంస్థలు వాళ్లకు తెలియజేయాలి. ఎవరైనా డబ్బు కట్టించుకుని మోసం చేస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పరువు పోతుందని దాచేస్తే పక్క వీధి ఆసుపత్రికి కూడా అదే దెబ్బ తగులుతుంది. డబ్బు కట్టినా డేటా వస్తుందని హామీ లేదు.

డిస్క్ దానంతటదే చెడిపోయినప్పుడు కూడా కంగారు పడి విండోస్‌లోని రిపేరు ప్రోగ్రాం చెక్‌డిస్క్ నడపకండి. చావుకి దగ్గరలో ఉన్న డిస్క్ మీద రిపేరు పెడితే మిగిలిన ఊపిరి కూడా అయిపోతుంది. జీఎన్‌యూ వాళ్ల ఉచిత సాఫ్ట్‌వేర్ డీడీరెస్క్యూ ముందు చదవగలిగే భాగాలన్నీ ఇంకో డిస్క్‌కి తీసేసి, పాడైన చోట్లకు తర్వాత వస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో రాసుకుంటుంది కూడా. ఆ కాపీ మీద, పోయిన ఫైళ్లను వెతికి తీసే టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ ప్రయత్నించొచ్చు. ఎస్‌ఎస్‌డీలో (తిరిగే ప్లేటు లేని కొత్త రకం డిస్క్‌లో) డిలీట్ అయినవాటి మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల కాసేపటికే అవి నిజంగానే చెరిగిపోతాయి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద తగిన భద్రత పెట్టకపోతే 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు ఏడాదిన్నర గడువిచ్చారు. మీ ఆడిటర్‌ని అడగండి.

స్టాఫ్ గురించి ఒక మాట. ఏదైనా జరగగానే రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయిని నిలబెట్టి తిట్టడం నేను చూశాను. ఆమె ఒక ఈమెయిల్ తెరిచింది, నిజమే. కానీ ఆ కంప్యూటర్‌కి అడ్మిన్ హక్కులు (ఏ ప్రోగ్రామైనా వేసే హక్కు) ఇచ్చింది ఆమె కాదు, మూడు షిఫ్టుల వాళ్లకీ ఒకే పాస్‌వర్డ్ పెట్టింది ఆమె కాదు. మానిటర్‌కి అంటించిన పాస్‌వర్డ్ చీటీ ఆమె బద్ధకం వల్ల రాలేదు, పేషెంటు ఎదురుగా నిలబడి ఉండగా లాగిన్ అవ్వాల్సిన హడావిడి వల్ల వచ్చింది. ఒక్కొక్కరికీ వేరే లాగిన్ ఇప్పించండి. సాఫ్ట్‌వేర్ కంపెనీ దూరం నుంచి మీ కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ రాత్రంతా తెరిచి ఉంచకుండా, వాళ్లు అడిగినప్పుడు మాత్రమే తెరిపించండి. అనుమానం వస్తే వెంటనే చెప్పినందుకు మెచ్చుకోండి. తిడతారన్న భయంతో ఆమె అరగంట దాచిందంటే ఆ అరగంటలో సర్వర్ మొత్తం లాక్ అయిపోతుంది.

సాఫ్ట్‌వేర్ అగ్రిమెంటు ఈసారి రెన్యువల్‌కి వచ్చినప్పుడు రెండు వాక్యాలు చేర్పించండి. మా డేటాను మేము ఎప్పుడు అడిగినా, మీ సాఫ్ట్‌వేర్ లేకపోయినా చదవగలిగే రూపంలో ఇవ్వాలి. ఏడాదికి రెండుసార్లు మా ఎదురుగా రీస్టోర్ చేసి చూపించాలి. ఒప్పుకోని కంపెనీ చేతిలో మీ పేషెంట్ల చరిత్ర ఉండటం మంచిది కాదని నా అభిప్రాయం.

ఇక ఆ మూడో కాపీ సంగతి. విజయవాడకూ గుంటూరుకూ మధ్య ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం, నడుమ కృష్ణ. ఇక్కడ మునిగిన రోజు అక్కడ మునగాలని లేదు, అక్కడ షార్ట్ సర్క్యూట్ అయితే ఇక్కడ కాదు. మీలో చాలామంది ఒకే మెడికల్ కాలేజీలో చదువుకున్నారు, నెలకొకసారైనా పెళ్లిలోనో మీటింగులోనో కలుస్తారు. సూర్యారావుపేట డాక్టర్ గారి ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ కొత్తపేట డాక్టర్ గారి బీరువాలో, ఆయనది ఈయన బీరువాలో ఉంచుకోండి. కలిసినప్పుడు కొత్త డిస్క్ ఇచ్చి పాతది తీసుకోండి. పాస్‌వర్డ్ ఎవరిది వారి ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఒకరి పేషెంట్ల వివరాలు ఇంకొకరు చూసే వీలుండదు. క్లౌడ్ పెట్టుకోగలిగిన వాళ్లు పెట్టుకోండి, మంచిదే. పెట్టుకోలేని వాళ్లకు రెండు డిస్కుల ఖర్చుతో ఈ దారి ఉంది.

రెండు ఊళ్లలోని డాక్టర్ల సంఘాల పెద్దలకు నా మనవి: వచ్చే మీటింగులో అరగంట దీనికి ఇవ్వండి. ఎవరు ఎవరితో జత కడతారో అక్కడే పేర్లు రాసుకోండి, అక్టోబరు తుపాన్ల కంటే ముందే డిస్కులు మార్చుకోండి. మొదట ఒప్పుకున్న జతకు ఆ రెండు డిస్కుల ఎన్‌క్రిప్షన్ నేను ఫీజు తీసుకోకుండా పెట్టిస్తాను, రెండు ఆసుపత్రుల్లోనూ రీస్టోర్ చేసి చూపించాకే వాటిని మీ చేతికిస్తాను.

ఇట్లు,
మీ ఆసుపత్రుల కంప్యూటర్లు చూసుకునే ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్,
విజయవాడ